కన్నీళ్లు ఆగాయి, సంతోషం తిరిగి రాలేదు

మనసు – వైద్యం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

కుంగుబాటుకు మందులు వాడుతున్నవారి నుంచీ, వారి ఇంటివారి నుంచీ వచ్చే ఉత్తరాలలో తరచుగా కనిపించే ఒక మాట, ఆస్పత్రి ఓపీ గదిలో మాత్రం చాలా అరుదుగా వినిపిస్తుంది. దిగులు తగ్గింది గానీ దేనిలోనూ రుచి తెలియడం లేదన్నది ఆ మాట. డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు "ఇప్పుడు నయమే సార్" అని లేచిపోయేవారు, ఇంటికి వెళ్లాక ఆ నయం ఎంత వెలితిగా ఉందో రాస్తారు. అందుకని ఈసారి ఈ ఒక్క విషయం మీద మన ప్రాంతం నుంచి వచ్చిన మూడు ఉత్తరాలకే స్థలం ఇస్తున్నాను. రాసినవారి ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 46 ఏళ్లు. హనుమకొండలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పోయిన ఏడాది దసరా వెళ్లిన పది రోజులకే మా అమ్మ పోయింది. ఆ తరువాత రెండు నెలలు నేను మంచం దిగలేదు. డాక్టరుకు చూపిస్తే డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు, రెండు నెలలకు 20 చేశారు. ఇప్పటికి తొమ్మిది నెలలైంది. నిద్ర పడుతున్నది, బడికి పోతున్నాను, ఏడుపు రావడం లేదు. అందరూ బాగైనవంటున్నారు. కానీ మొన్న సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పేరుస్తుంటే పరీక్ష పేపర్లు కట్ట కడుతున్నట్టే ఉంది. వేయిస్తంభాల గుడి దగ్గర అందరితో కలిసి చప్పట్లు కొట్టి ఆడాను, పాట నోటి దాకా వచ్చింది గానీ మనసుకు తగలలేదు. నా బిడ్డకు ఎంబీబీఎస్ సీటు వచ్చిందని ఫోన్ చేస్తే "మంచిది" అని పెట్టేశాను. మా చిన్నమ్మ చనిపోయిందంటే కూడా కంట్లో నీటిచుక్క రాలేదు. ఏడ్చిన రోజుల్లో కనీసం మనిషిననే గుర్తుండేది. ఇది జబ్బేనా, మందు చేసిన పనా, లేక నా గుణమే ఇట్లా అయిపోయిందా? ఈ గోళీలు మానేద్దామనుకుంటున్నాను.

సమాధానం: అమ్మా, మీరు అడిగిన మూడింటిలో చివరిదానికి ముందుగా జవాబు చెబుతాను. మీ గుణం మారలేదు. గుణమే మారి ఉంటే, బిడ్డకు సీటు వచ్చిన రోజున మీకు ఏమీ అనిపించలేదన్న సంగతి ఇంతగా కలచివేసి ఉత్తరం రాయించేది కాదు. పోయినదేమిటో మీకు స్పష్టంగా తెలుసు, అది తిరిగి కావాలనీ ఉంది. వైద్యం చేసేవారికి ఇది చాలా ఆశ కలిగించే విషయం.

తరువాత గోళీల మాట. దయచేసి మీ అంతట మీరు మానేయకండి. తొమ్మిది నెలలుగా అలవాటుపడిన మందు ఒక్కసారిగా అందకపోతే, రెండు మూడు రోజులలోనే తల తిరగడం, వికారం, ఊరికే చిరాకు, పీడకలలు, తలలో కరెంటు జిల్లుమన్నట్టుండడం మొదలుకావచ్చు. వాటిని చూసి పాత జబ్బే తిరగబెట్టిందని భయపడేవారున్నారు. నిజంగా తిరగబెట్టే ప్రమాదం కూడా ఉన్నది కనుకనే, బాగైన తరువాత సైతం కనీసం ఆరు నెలలు మందు కొనసాగించమని చెబుతాం. మీ విషయంలో మోతాదు తగ్గించవలసి రావచ్చు, మందునే మార్చవలసి రావచ్చు. ఏదైనా మందు రాసిన డాక్టరుతో మాట్లాడుకుని, మెల్లమెల్లగా జరగవలసిన పని.

ఇక అసలు విషయానికి వస్తాను. కుంగుబాటు అనగానే మనకు ఏడుపు, దిగులు గుర్తుకు వస్తాయి. వైద్యశాస్త్రం మాత్రం దానికి రెండు ముఖ్య లక్షణాలు చెబుతుంది. ఒకటి దిగులు, రెండోది ఒకప్పుడు ఇష్టమైన పనుల మీద ఆసక్తీ, వాటిలో ఆనందమూ లేకుండా పోవడం. ఈ రెంటిలో ఏ ఒక్కటైనా రెండు వారాలపాటు విడవకుండా ఉండి, నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత వంటి ఇతర లక్షణాలు తగినన్ని కలిస్తే అది కుంగుబాటే, కంటనీరు రాకపోయినా సరే. ఈ రెండో లక్షణానికి ఫ్రెంచి మనస్తత్వ శాస్త్రవేత్త థియోడ్యూల్ రిబో 1890లలోనే అన్‌హెడోనియా అని పేరు పెట్టాడు. మనం ఆనందలేమి అని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఆస్పత్రులలో ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికలో మొట్టమొదటి ప్రశ్న దీని గురించే. అయినా చికిత్స మొదలయ్యాక అందరి కళ్లూ నిద్ర మీద, తిండి మీద, ఏడుపు మీదే ఉంటాయి. రద్దీగా ఉన్న ఓపీలో నిద్ర పడుతున్నదా, అన్నం తింటున్నారా అని అడిగి, ఔనంటే చీటీ మీద పాత మందులే మళ్లీ రాసి పంపించడం నేనూ చేశాను, అందుకు చింతిస్తున్నాను కూడా.

ఈ అలవాటు వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1960లో మనోవైద్యుడు మాక్స్ హామిల్టన్ తయారుచేసిన ప్రశ్నావళి కొన్ని దశాబ్దాలపాటు కుంగుబాటు మందులను పరీక్షించే కొలబద్దగా నిలిచింది. అందులోని 17 అంశాలలో మూడు అచ్చంగా నిద్రకు సంబంధించినవి. ఆసక్తికి దక్కినది, రోజువారీ పనులతో కలిపి, ఒకే ఒక్క అంశం. కాబట్టి నిద్ర కుదిరి, ఆకలి వేసి, ఆందోళన తగ్గితే ఆ లెక్క ప్రకారం మనిషి చాలా మెరుగైనట్టే, లోపల ఏ పువ్వూ పువ్వులా అనిపించకపోయినా. ఈ లోటును గుర్తించి 1995లో మనోవైద్యుడు స్నెయిత్, ఆయన సహచరులు ఆనందం గురించి మాత్రమే అడిగే 14 ప్రశ్నల పట్టిక తెచ్చారు. అది అడిగేవి చాలా చిన్న సంగతులు. పువ్వుల వాసన హాయిగా అనిపిస్తుందా, ఇష్టమైన చాయ్ తాగితే బాగుంటుందా, నవ్వే ముఖాలు చూస్తే మనసుకు నచ్చుతుందా, ఎవరికైనా సాయపడితే తృప్తి కలుగుతుందా. మీ ఉత్తరం చదువుతుంటే ఆ పట్టికను మీ సొంత మాటలలో నింపి పంపించినట్టే ఉంది.

మీకు ఈ ఆనందలేమి ఎక్కడి నుంచి వచ్చి ఉండవచ్చునో ఆలోచిస్తే మూడు దారులు కనిపిస్తున్నాయి. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండడం కూడా మామూలే.

మొదటిది, జబ్బు సగమే తగ్గడం. మందుకు ఏడుపు, ఆందోళన, నిద్రలేమి తొందరగా లొంగుతాయి. ఆనందం చాలా సందర్భాలలో అన్నిటికన్నా ఆలస్యంగా తిరిగి వస్తుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ చేసిన పరిశోధనల వల్ల ఇంకొక సంగతి తెలిసింది. మెదడులో ఒక వస్తువు కోసం ఉవ్విళ్లూరడం వేరు, అది దొరికాక దాని రుచిని అనుభవించడం వేరు. మొదటిది ఎక్కువగా డోపమిన్ అనే రసాయనం మీద ఆధారపడుతుంది, రెండోది అంతగా ఆధారపడదు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల నాడు ఏ చీర కట్టుకోవాలా అని ఎదురుచూడడం మొదటిది, మధ్యలో బతుకమ్మను పెట్టి చుట్టూ తిరుగుతున్న ఆ క్షణంలో కలిగే హాయి రెండోది. కొందరికి ఎదురుచూపు మాత్రమే పోతుంది, బలవంతంగానైనా వెళ్లి నిలబడితే హాయి తెలుస్తుంది. మీకు రెండూ పోయినట్టున్నాయి. ఈ తేడాను మీ డాక్టరుకు తప్పక చెప్పండి.

రెండోది, మందు ప్రభావం. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటీన్ వంటి మందులన్నీ సెరొటోనిన్ అనే మెదడు రసాయనం మీద పనిచేసే ఒకే కుటుంబానికి చెందినవి. ఇవి ఎంతోమందిని బతికించాయి, నా రోగులలోనూ బతికించాయి. అయితే వీటిని వాడేవారిలో కొందరికి భావాలు మొద్దుబారినట్టు ఉంటుందన్నది ఇప్పుడు ఎవరూ కాదనలేని విషయం. 2017లో వెలువడిన ఒక సర్వేలో, కుంగుబాటుకు మందులు వాడుతున్న 669 మందిని అడిగితే 46 శాతం మంది తమకు ఇట్లా ఉందని చెప్పారు. అదే సర్వేలో మొద్దుబారుతనం ఎక్కువగా ఉన్నవారికి కుంగుబాటు కూడా ఎక్కువగానే మిగిలి ఉండడం కనిపించింది, కాబట్టి నేరమంతా మందు మీద మోపడానికీ వీలు లేదు. జబ్బును పక్కన పెట్టి మందును మాత్రమే చూడాలంటే జబ్బు లేనివారికి ఇచ్చి చూడాలి. కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆ పనే చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్నవారికి కనీసం మూడు వారాలపాటు, మీరు వాడుతున్న ఎస్సిటలోప్రామ్‌నే ఇచ్చి పరీక్షిస్తే, గెలుపు ఓటములను చూసి నేర్చుకోవలసిన ఆటలలో ఆ గెలుపుకూ ఓటమికీ వారి స్పందన తగ్గినట్టు తేలింది. గెలిచినందుకు పొంగు తగ్గింది, ఓడినందుకు కుంగు కూడా తగ్గింది. మందు మేలు చేసే తీరూ, రుచి పోగొట్టే తీరూ ఒకే చోట ముడిపడి ఉన్నాయేమోనని ఈ ఫలితం చూసినప్పుడు నాకు అనిపించింది.

మిగిలిపోయిన జబ్బునూ, మందు ప్రభావాన్నీ వేరుచేసి చూడడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. మందు వల్ల వచ్చే మొద్దుబారుతనంలో సాధారణంగా అన్ని భావాలూ పలచబడతాయి. సంతోషంతో పాటు దుఃఖం, కోపం, జాలి కూడా దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటాయి. అది మోతాదు పెంచిన తరువాత మొదలై ఉంటుంది, లేదా పెరిగి ఉంటుంది. జబ్బే మిగిలి ఉంటే సంతోషం రాదు గానీ బాధ వస్తూనే ఉంటుంది. తెల్లవారేసరికి గుండె మీద బరువు, నేను దేనికీ పనికిరానన్న తలపు, రేపటి మీద నమ్మకం లేకపోవడం అడపాదడపా తొంగిచూస్తుంటాయి. మీకు చిన్నమ్మ పోయినప్పుడు కూడా కన్నీరు రాలేదన్నారు. 20 మిల్లీగ్రాములకు పెంచకముందు ఎట్లా ఉండేదో మాత్రం రాయలేదు. అది గుర్తు చేసుకుని, నెలల వారీగా ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. ఉత్తరం చూసి ఖాయంగా చెప్పలేను గానీ, నా చూపు మందు వైపే మొగ్గుతున్నది.

మూడో దారి గురించి మీరు అడగలేదు, నేనే చెప్పవలసి ఉంది. మీ అమ్మ పోయిన తరువాత వచ్చిన మొదటి బతుకమ్మ ఇది. మన దిక్కు ఆడబిడ్డకు బతుకమ్మ అంటే పుట్టిల్లే. ఆ ఇంట్లో ఎదురుచూసే మనిషి లేని మొదటి పండుగ వెలితిగా ఉండడంలో జబ్బూ లేదు, మందూ లేదు. రెండు నెలలు మంచం పట్టి, ఆ వెంటనే మందు మొదలైంది కాబట్టి అమ్మ కోసం ఏడ్వవలసిన ఏడుపు మధ్యలో ఆగిపోయి ఉండే అవకాశం కూడా ఉన్నది. మందు సరిచేసుకున్న తరువాత మీకు మళ్లీ ఏడుపు వస్తే, జబ్బు తిరగబెట్టిందని వెంటనే కంగారు పడకండి. అమ్మను తలచుకుని వచ్చి, కాసేపటికి తేలికపరిచి వెళ్లే ఏడుపు వేరు, రోజంతా వదలకుండా మిమ్మల్ని మీరు నిందించుకునేలా చేసే ఏడుపు వేరు. రెండోది వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "నయమే" అన్న మాట వాడకండి. "దిగులు తగ్గింది, ఆనందం రాలేదు, దుఃఖం కూడా తెలియడం లేదు" అని ఈ మూడు ముక్కలూ విడివిడిగా చెప్పండి. మీ మోతాదు గరిష్ఠ స్థాయిలో ఉన్నది కాబట్టి ముందుగా దాన్ని మెల్లగా తగ్గించి చూడడం ఒక పద్ధతి. మొద్దుబారుతనం దానితోనే తగ్గిపోవడం మేం తరచుగా చూస్తాం. సరిపోకపోతే మరో రకంగా పనిచేసే మందుకు మారవచ్చు. బుప్రోపియాన్ డోపమిన్, నార్‌ఎడ్రినలిన్ అనే మెదడు రసాయనాల మీద పనిచేస్తుంది, ఫిట్స్ ఉన్నవారికి మాత్రం ఇవ్వకూడదు. వోర్టియోక్సెటిన్, అగోమెలటీన్ కూడా మన దేశంలో దొరుకుతున్నాయి. అగోమెలటీన్ వాడేవారు కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. వీటిలో ఏది మీకు సరిపోతుందన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పగలరు.

మందు సవరించడంతో పని పూర్తి కాదు. ఆనందం మళ్లీ పుట్టడానికి మెదడుకు సందర్భాలు కావాలి. మనసు బాగైతే అప్పుడు పనులు మొదలుపెడదామని అనుకుంటాం గానీ, కుంగుబాటులో ఆ వరుస తిరగబడుతుంది. ఇష్టం పుట్టేదాకా ఆగకుండా చిన్న పనితో మొదలుపెడితే, ఇష్టం ఆ వెనుక వస్తుంది. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో దాదాపు 500 మంది మీద జరిపి 2017లో ప్రకటించిన పరీక్షలో, డాక్టర్లు కాని సాధారణ కౌన్సెలర్లు శిక్షణ పొంది ఆరు నుంచి ఎనిమిది విడతలలో ఈ పద్ధతిని నేర్పితే, గట్టి కుంగుబాటు ఉన్నవారికి కూడా మేలు జరిగింది. మన దేశపు పరీక్ష, మన ఆరోగ్య కేంద్రాలలో జరిగింది కాబట్టి దీని మీద నాకు ప్రత్యేకమైన నమ్మకం.

మీరు ఇట్లా చేసి చూడండి. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, రోజుకు ఒకే ఒక పనిని, పదిహేను నిమిషాలకు మించనిదాన్ని ఎంచుకోండి. సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడక కావచ్చు, పిల్లలకు ఒక పద్యం రాగం తీసి చదవడం కావచ్చు, సర్వపిండి చేసి పొరుగింటికి పంపడం కావచ్చు. పనికి ముందు, దానిలో ఎంత బాగుంటుందనుకుంటున్నారో పదికి ఎన్ని మార్కులో వేయండి. పని అయ్యాక నిజంగా ఎంత అనిపించిందో వేయండి. ముందు సున్నా వేసినవారు తరువాత ఒకటో రెండో వేయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ ఒకటీ రెండే మనకు కావలసినవి. ఆ తరువాత కళ్లు మూసుకుని, ఆ పదిహేను నిమిషాలలో కాస్త మెరుగైన క్షణాన్ని, ఇప్పుడే జరుగుతున్నట్టుగా రంగు, వాసన, చప్పుడుతో సహా ఒకసారి మనసులో చెప్పుకోండి. కాలిఫోర్నియాలో మిషెల్ క్రాస్కీ బృందం 2019లో ప్రకటించిన చికిత్సలో ఇది ఒక ముఖ్యమైన భాగం. దిగులు తగ్గించడం మీద కన్నా ఆనందాన్ని పెంచడం మీద దృష్టి పెట్టిన చికిత్స అది. సంతోషంగా ఉన్నట్టు నటించమని మాత్రం ఎవరు చెప్పినా వినకండి, ఆ శ్రమ మనిషిని ఇంకా అలసిపోయేలా చేస్తుంది.

చివరిగా, మీ బిడ్డకు ఈ సంగతి చెప్పండి. డాక్టరు చదువు చదవబోతున్న అమ్మాయి అర్థం చేసుకుంటుంది. ఆ రోజు అమ్మ "మంచిది" అని ఫోన్ ఎందుకు పెట్టేసిందో తెలియకుండా ఆ పిల్ల హాస్టల్‌లో కూర్చుని ఉండకూడదు.

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గర ఒక ఊరు. మా బాపుకు 59 ఏళ్లు. పత్తి, మిర్చి పండిస్తాడు. రెండేళ్ల కింద పంట పోయి అప్పులైనప్పుడు పురుగుల మందు డబ్బా చేతిలో పట్టుకున్నాడు, చూసి ఆపినం. అప్పటి నుంచి గోళీలు వాడుతున్నాడు. ఇప్పుడు అట్లాంటి మాటలు లేవు గానీ దేని మీదా మనసు లేదు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తీసుకపోయే రాత్రి నిద్రపోని మనిషి, ఈసారి ధర ఎంత వచ్చిందని కూడా అడగలేదు. మనుమరాలు ఒడిలో కూర్చున్నా గోడ దిక్కే చూస్తాడు. సాయంత్రం కల్లు మాత్రం తప్పదు. మా చిన్నాయన పని ఎగ్గొట్టడానికి నాటకమంటున్నాడు. మేమేం చేయాలె?

సమాధానం: బాబూ, ముందుగా మీ చిన్నాయన గారికి ఈ మాట చెప్పండి. పని తప్పించుకోవాలనుకునే మనిషి పని తప్పాక హాయిగా ఉంటాడు. మీ బాపు పనిలోనూ లేడు, విశ్రాంతిలోనూ లేడు. మనుమరాలు ఒడిలో ఉన్నా గోడ వైపు చూడడాన్ని నాటకం ఆడవలసిన అవసరం ఏ తాతకూ ఉండదు.

ఆ రోజు డబ్బా ఆయన చేతిలో నుంచి తీసి మీరు ఆయన ప్రాణం కాపాడారు. కానీ ఆనందలేమి మిగిలి ఉన్నవారిలో చావు ఆలోచనలు పైకి చెప్పకపోయినా లోపల ఉండే అవకాశముంది, పాత ప్రయత్నం ఉన్నవారిలో అది ఇంకా ఎక్కువ. కాబట్టి ఎదురుగా కూర్చుని మెత్తగా, సూటిగా అడగండి: "బాపూ, బతుకు వద్దనిపిస్తున్నదా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు, ఎవరైనా అడిగారన్న ఊరటే చాలామందికి దక్కుతుంది. పురుగుల మందులు ఇంట్లో గానీ, బావి దగ్గరి కొట్టంలో గానీ ఉంచకండి. ఉంచక తప్పకపోతే తాళం వేసి, తాళం చెవి మీ దగ్గర పెట్టుకోండి. అవసరమైతే ఏ రాత్రయినా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ సేవ అది. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చినట్టనిపిస్తే మాత్రం ఫోన్‌తో ఆగకుండా ఆస్పత్రికి తీసుకురండి.

తరువాత కల్లు. చెట్టు నుంచి దించిన కల్లు సంగతి వేరు. మన దగ్గర దుకాణాలలో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలపడం కొత్త సంగతి కాదు. అవి రోజూ ఒంట్లోకి పోతుంటే ఏ మనిషైనా గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు, కుంగుబాటు గోళీ ఎంత మంచిదైనా దాని పని అది చేయలేదు. అట్లాగని రేపటి నుంచి బంద్ పెట్టించకండి. కల్తీ కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. మానిపించడం కూడా వైద్యంలో భాగంగానే, డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి. మీకు దగ్గరలో వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక విభాగం ఉన్నది.

ఆయన వాడే గోళీల షీటు వెనుక ఏమి రాసి ఉందో చూడండి. ఎస్సిటలోప్రామ్ పక్కనే క్లోనజిపాం అని కూడా ఉంటే, ఒకే గోళీలో రెండు మందులు ఉన్నట్టు. క్లోనజిపాం మొదటి కొన్ని వారాలు ఆందోళన తగ్గించడానికి ఉపయోగపడుతుంది. రెండేళ్లు వాడవలసిన మందు కాదు, అది కూడా మనిషిని మబ్బుగా ఉంచుతుంది. నిద్రకనో, మరో కారణంగానో ఇంకేదైనా మందు తోడుగా ఇచ్చి ఉంటే దాని సంగతీ అడగండి. పాత చీటీ చూపించి మందుల దుకాణంలో ఏళ్ల తరబడి అదే షీటు కొనడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఇదే నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే విషయం. ఆ చీటీ రాసిన డాక్టరు ఆయనను ఆఖరుసారి చూసి ఎంత కాలమైందో లెక్క వేయండి.

వీటితో పాటు థైరాయిడ్, షుగర్, రక్తహీనత, విటమిన్ బి12 పరీక్షలు చేయించండి. వీటిలో ఏది తేడాగా ఉన్నా మనిషి ఇట్లాగే కనిపించవచ్చు. ఈ వయసులో మతిమరుపు, నడక నెమ్మదించడం, చేయి వణకడం కూడా తోడైతే మెదడుకు సంబంధించిన జబ్బులను డాక్టరు దృష్టిలో పెట్టుకోవలసి ఉంటుంది, అందుకని అవి ఉన్నాయో లేవో గమనించి చెప్పండి.

ఇంట్లో మీరు చేయగలిగినది ఒకటున్నది. మనసు మళ్లుతుందని జాతరకో, పెళ్లికో బలవంతంగా తీసుకువెళ్లకండి. జనంలో కూర్చుని ఏమీ అనిపించకపోతే తాను అందరికన్నా వేరైపోయానన్న బాధ మిగులుతుంది. దానికి బదులు పొద్దున మీరు చేనుకు పోయేటప్పుడు "గట్టు దాకా వస్తవా బాపూ" అని అడిగి, వస్తే పది నిమిషాలు నిలబడి తిరిగి రండి. కాయ ఎట్లున్నదో, ఎర్రబారిందో లేదో ఆయననే అడగండి. ముప్పై నలభై ఏళ్లు మిర్చిని చూసిన కళ్లు అవి. జవాబు చెప్పినా, చెప్పకపోయినా మరునాడు మళ్లీ అడగండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 28 ఏళ్లు. సొంత ఊరు కాజీపేట, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడు నెలలుగా సెర్ట్రలిన్ వాడుతున్నాను. మనసు కుదుటపడింది గానీ కోరిక అన్నదే లేకుండా పోయింది, శారీరకంగా కూడా స్పర్శ, సుఖం తెలియడం లేదు. మూడు నెలల్లో నా పెళ్లి. ఎవరికీ చెప్పలేకపోతున్నాను. పెళ్లికి వారం ముందు మందు ఆపేస్తే సరిపోతుందని ఒక స్నేహితుడు అంటున్నాడు.

సమాధానం: మీరు ఇది రాయడమే మంచి పని చేశారు. లైంగిక ఆసక్తి తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం, స్ఖలనం ఆలస్యం కావడం, సుఖం తెలియకపోవడం ఈ కుటుంబపు మందులతో చాలా తరచుగా వచ్చే ఇబ్బందులు. అడిగితే చెప్పేవారు ఎందరో ఉంటారు, అడగకుండా చెప్పేవారు చాలా తక్కువ. కుంగుబాటు కూడా కోరికను తగ్గిస్తుంది కాబట్టి, జబ్బు ఉన్నప్పుడు ఎట్లా ఉండేది, మందు మొదలుపెట్టాక ఏమి మారింది అన్నది ముందు గుర్తు చేసుకోండి. స్పర్శ తెలియకపోవడం మాత్రం జబ్బు కన్నా మందు వల్లనే ఎక్కువగా వస్తుంది.

మీ స్నేహితుడి సలహా పాటించకండి. వారం ముందు ఆపేస్తే తల తిరుగుడు, చిరాకు, నిద్రలేమి మొదలై పెళ్లిపందిట్లోనూ వదలకపోవచ్చు. పైగా అంత తక్కువ వ్యవధిలో కోరిక తిరిగి వస్తుందన్న హామీ ఏమీ లేదు. ఎక్కువమందిలో మోతాదు తగ్గించినా, మందు మార్చినా ఈ ఇబ్బంది తగ్గుతుంది. కొద్దిమందిలో మాత్రం మందు ఆపిన తరువాత కూడా కొనసాగినట్టు నివేదికలు వచ్చాయి. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2019లో ఈ హెచ్చరికను మందుల సమాచార పత్రాలలో చేర్చమని చెప్పింది కూడా. భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఈ ఇబ్బందిని చిన్నది అని కొట్టిపారేసే డాక్టరు ఎదురైతే, మీరు ఊహించుకుంటున్నది కాదని మీకు తెలిసి ఉండాలి.

మీ డాక్టరుతో ఏకాంతంగా మాట్లాడే సమయం కావాలని ముందే అడగండి. నోట చెప్పడానికి సిగ్గనిపిస్తే నాకు రాసినట్టే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఈ విషయంలో తక్కువ ఇబ్బంది పెట్టే మందులున్నాయి, బుప్రోపియాన్ వాటిలో ఒకటి. దాన్ని ఇప్పుడున్న మందుకు తోడుగా ఇవ్వవచ్చు, దాని స్థానంలోనూ ఇవ్వవచ్చు. తోడుగా షుగర్, బీపీ, థైరాయిడ్, టెస్టోస్టిరాన్ పరీక్షలు కూడా చేయించుకోండి. అంగస్తంభన కోసమని ఇంటర్నెట్‌లో చూసి గోళీలు తెప్పించుకోకండి.

పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు గానీ, ఆ ప్రశ్న మీ ఉత్తరంలో ఉన్నది. మందు వాడుతున్నానని, ప్రస్తుతం దానివల్ల ఈ ఇబ్బంది ఉన్నదని, డాక్టరుతో మాట్లాడుతున్నానని పెళ్లికి ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. చెప్పకుండా దూరంగా ఉంటే, తాను నచ్చలేదేమోనని ఆమె అనుకుంటుంది. మందు మార్చి, దాని ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీకు మూడు నెలలున్నాయి కాబట్టి ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి.